క్యాసెట్ పెట్టే కన్నం

తిరుత్తణి,
5-5-1986

ఒరే ఆదీ,

"చిరంజీవి" అని మొదలుపెడదామని కూర్చున్నాను. కలం ఒప్పుకోలేదు.

ఇవాళ మా ఊరి ఆడపిల్లల స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కల టీచరు ఉద్యోగానికి జూన్ పద్నాలుగున ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అక్కడిదాకా చదివి వంటింట్లోనే ఒక గంతు వేశాను. తరవాతి వాక్యం చదివి పీట మీద కూలబడ్డాను. "తమకు కంప్యూటర్లలో అనుభవం ఉన్నదని దరఖాస్తులో చూసి మిక్కిలి సంతోషించాము. ఈ ఏడు కంప్యూటర్ క్లాసు ప్రారంభించాలని ఉన్నది. వీలైతే ఒక యంత్రం తెచ్చి, దాని భాగాలు వివరించి, నడిపి చూపగలరు."

ఫిబ్రవరిలో నా కుడిచేయి నూనె పడి కాలినప్పుడు, కట్టు విప్పకముందే, "నువ్వు సంతకం మాత్రం గీకు అక్కా, మిగతాది నింపి పోస్టులో వేసే పూచీ నాది" అన్నది ఎవరు? "ఇతర అర్హతలు" అన్న గడిలో ఏం రాశావురా?

ఇది నాకు నవ్వులాట కాదు. బి.ఎస్సీ. లెక్కలు చదివి మూడేళ్ళుగా అప్పడాల లెక్క చూస్తున్నాను. ఉద్యోగానికి వెళ్తానని అడిగీ అడిగీ, పోయిన నెల మా అత్తగారి నోట ఒక మాట రాబట్టాను. "సరి, ఒక్క తూరి పోయి రా. వచ్చిందంటే నీ భాగ్యం. రాలేదంటే మళ్ళా ఉద్యోగమనే మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు, ఆమా?" అన్నారామె. ఆ ఒక్క తూరి ఇదే.

ఇంట్లో ఒక కంప్యూటర్ ఉన్న మాట నిజం. అత్తగారి తమ్ముడు లోకనాథం సింగపూర్ నుంచి తెచ్చాడు, ఆటలాడుకునే రకం. ఎలా నడపాలో ఆయనకే తెలియక, చిన్న కలర్ టీవీ, టేప్ రికార్డరు, ఒక ఆట క్యాసెట్‌తో సహా ఇక్కడ దించేసి వెళ్ళాడు. ఏడాదిగా బీరువా మీద ఉంది. ప్రతి శుక్రవారం వాసవాంబగారు, అంటే మా అత్తగారు, దానికి కుంకుమబొట్టు పెడతారు. ఇంతవరకు దానికి జరిగిన ఉపయోగం అదొక్కటే.

నలభై రోజులున్నాయి. అబద్ధం నీది. దాన్ని నిజం చేసే బాధ్యత కూడా నీదే.

తెలుగులోనే రాయి. మా పోస్ట్‌మ్యాన్ పెరుమాళ్ ప్రతి ఉత్తరాన్నీ వెలుగుకు పట్టి చూసి మరీ ఇస్తాడు. ఆయనకు అరవం తప్ప చదవడం రాదు.

కాంచన


తిరువళ్ళూరు,
9-5-1986

కంప్యూటర్ విదుషీమణి కాంచనక్క పాదాలకు తమ్ముడు ఆదికేశవులు సాష్టాంగపడి, లేచి, చొక్కా దులుపుకొని రాయునది.

ఇక్కడ నాన్న, అమ్మ, మన కిరాణా కొట్టు, కొట్టులోని ఎలుకలు అందరూ క్షేమం.

నేరం ఒప్పుకుంటున్నాను. కానీ నా మనసు కూడా కాస్త చూడు. ఆ దరఖాస్తులో అన్ని గడులూ నిండి, అదొక్కటే ఖాళీగా, పెళ్ళిలో ఎవరూ పలకరించని చుట్టంలా కూర్చుంది. జాలి వేసింది. ఏదో ఒకటి రాయాలి కదా. "అప్పడాలు వత్తుట" అని రాద్దామనుకొని, నీ గౌరవం కోసం "కంప్యూటర్" అని రాశాను. వాళ్ళు చదువుతారని ఎవరు అనుకున్నారు?

అయినా భయమెందుకు? బి.ఎస్సీ. ఫిజిక్సు మూడేళ్ళు చదివినవాణ్ణి (పాసయ్యానా లేదా అన్న స్వల్ప విషయం యూనివర్సిటీవారు జూలైలో తేలుస్తారు). ఇదిగో ప్రథమ పాఠం. స్నానం చేసి, తూర్పుముఖంగా కూర్చుని చదువు.

కంప్యూటర్‌కు ముఖ్యమైనవి ఐదు. ఆలోచించేది మెదడు. గుర్తుంచుకునేది మెమరీ. మనం చెప్పింది వినేవి మీటలు. అది చెప్పింది మనకు చూపేది తెర. వీటన్నిటికీ ప్రాణం కరెంటు. ఆట క్యాసెట్‌లో ఉంటుంది. పెట్టెకు కుడిపక్కన క్యాసెట్ పెట్టే కన్నం కనిపిస్తుంది. అందులో క్యాసెట్ పెట్టి మూత వెయ్యి. తక్షణం ఆట ప్రత్యక్షం. ఇంతే. దీనికి నలభై రోజులెందుకు? మిగిలిన ముప్ఫైతొమ్మిది రోజులు ఇంటర్వ్యూకి ఏ చీర కట్టాలో ఆలోచించుకో.

విధేయుడు,
ఆదికేశవులు


తిరుత్తణి,
16-5-1986

గౌరవనీయ పండితా,

కన్నం లేదు.

కుడిపక్క లేదు. ఎడమపక్క లేదు. టార్చిలైటు వేసి వెనక చూశాను. నాలుగు బెజ్జాలున్నాయి, ఒక్కదాంట్లో చిటికెనవేలు కూడా దూరదు. మీ బావ పాత్రల కొట్టు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అన్నం మాట మరిచిపోయి, దాన్ని బోర్లించి, వెల్లకిలా తిప్పి చూశారు. చివరికి క్యాసెట్‌ను మీటల మీద ఆనించి చూశారు, దోసె వేసినట్టు. ఏమీ కాలేదు.

ఈలోపల మా అత్తగారు వచ్చారు.

"ఏం చేస్తా ఉండారు మీరిద్దరూ?"

"కన్నం వెతుకుతున్నామమ్మా" అన్నారు మీ బావ.

"ఉండింటే లోకనాథానికి కనపడకుండా పోతాదా? తీసింది తీసినట్టే పెట్టేయండిరా. శుక్రారం పూట దాన్ని బోర్లా పండబెట్టినారు, పాపం!"

యాభై శుక్రవారాల కుంకుమ, ఆదీ. పళ్ళు తోముకునే బ్రష్షుతో మెల్లగా గీకుతుంటే తవ్వకాల్లో శాసనం బయటపడినట్టు ఒక్కొక్క అక్షరమే బయటపడింది. మీటలు రబ్బరువి, పెన్సిలు తుడిచే రబ్బరులాగే మెత్తగా ఉన్నాయి. అడుగున ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. దానికీ బొట్టుంది.

ఒకే ఒక్క ప్రశ్న. నువ్వు ఎప్పుడైనా కంప్యూటర్‌ను కళ్ళతో చూశావా? ఒక్క మాటలో జవాబు రాయి.

కాంచన


తిరువళ్ళూరు,
21-5-1986

అక్కా,

లేదు.

ఒక్క మాటలో రాయమన్నావు, రాశాను. ఇక మిగిలిన నాలుగు పేజీలు నా ప్రాయశ్చిత్తం.

కాలేజీలో ఒక పత్రికలో బొమ్మ చూశాను. బొమ్మ కూడా పక్కనుంచి తీసింది. ఆ పక్కన నల్లగా కనిపించింది కన్నమనుకున్నాను. నీడ అయి ఉంటుంది.

నీ ఉత్తరం అందిన రోజే మద్రాసు లోకల్ రైలెక్కాను. మా క్లాసు గోపాలన్ వాళ్ళ మేనమామ ఇంట్లో అచ్చం నీకున్నలాంటిదే ఉందని విన్నాను. రెండు రోజులు వాళ్ళింట్లో పడి తిని, అడిగిందే అడిగి, ఆ మేనమామ నన్ను చూడగానే చొక్కా వేసుకొని బయటికి వెళ్ళిపోయేదాకా నేర్చుకున్నాను. ఇప్పుడు రాసేది కళ్ళతో చూసింది. తూర్పుముఖం అక్కర్లేదు.

మీటలున్న ఆ పలకే కంప్యూటర్, అక్కా! వేరే పెట్టె లేదు. మీటల కింద పచ్చని బోర్డు, దాని మీద నల్లటి జెర్రుల్లా చిప్పులు. అందులో ఒకటి మెదడు. మన ఇంట్లో అమ్మ అనుకో. ఒకసారికి ఒకే పని చేస్తుంది గానీ, ఎంత తొందరగా చేస్తుందంటే పది పనులు ఒకేసారి జరుగుతున్నట్టుంటుంది. మెమరీ రెండు రకాలు. అమ్మకు చారు పెట్టడం ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, అది పోదు. అది ఒక రకం. రెండోది వంటింటి అరుగు. ఇవాళ్టి కూరలు తరిగి పెట్టుకునే జాగా. కరెంటు పోయిందంటే అరుగంతా ఎవరో తుడిచేసినట్టే, ముక్క మిగలదు.

క్యాసెట్ సరుకులు దాచే ఉగ్రాణం. ఆట అక్కడ దాచి ఉంటుంది. దాన్ని పెట్టవలసింది టేప్ రికార్డర్‌లో! పాటల క్యాసెట్ పెట్టినట్టే. టేప్ రికార్డర్ నుంచి ఒక వైరు కంప్యూటర్ వెనక చిన్న బెజ్జంలోకి, ఇంకో వైరు టీవీకి, మూడోది కరెంటు ఇచ్చే ఇటుకలాంటి డబ్బాకి. ఆ డబ్బా వేడెక్కుతుంది, భయపడకు, దాని మీద బొట్టు మాత్రం వద్దు. "లోడ్" అన్న ఆజ్ఞ కొట్టి టేపు నడుపు. గుడ్లగూబలు పోట్లాడుకున్నట్టు ఐదు నిమిషాలు కీచుమంటుంది. ఆ కీచు శబ్దమే ఆట. ఉగ్రాణంలోంచి సరుకు అరుగు మీదికి వస్తోందన్నమాట. ఓపిక పట్టు.

ఇంకొకటి. ఆ ఒక్క క్యాసెట్టే వాడి అరగదీయకు. నాన్న భజన క్యాసెట్‌ను మన టేప్ రికార్డర్ సేమియాలా నమిలి బయటికి కక్కిన సంగతి మరిచావా? రికార్డింగు షాపులో కాపీ తీయించు. ఇంటర్వ్యూకి కాపీ పట్టుకెళ్ళు, అసలుది బీరువాలో భద్రంగా పెట్టు.

ఈసారి నిజంగానే తలవంచి,
ఆది


తిరుత్తణి,
1-6-1986

చిరంజీవి ఆదికి,

(చూశావా, కలం ఒప్పుకుంది.)

నడిచింది!

కీచుమన్న శబ్దానికి పక్కింటివాళ్ళు "ఏమయింది?" అంటూ వచ్చారు. టీవీ అంచుల్లో రంగురంగుల చారలు పరుగెత్తాయి. ఐదు నిమిషాల తరవాత, మూడు వేళ్ళంత మనిషి ఒకడు తెర మీద నిలబడ్డాడు. గుంటలు దాటుకుంటూ పరుగెత్తుతాడు. మనం సమయానికి మీట నొక్కితే ఎగురుతాడు, లేకపోతే పడతాడు. నేను మూడో గుంటలో పడ్డాను. మీ బావ రెండో గుంటలో. అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఒక్క మీట నొక్కేదానికి ఇద్దరికీ చేతకాదా? జరగండి" అన్నారు. పదకొండు గుంటలు దాటించారు! ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర లేదు. "ఆ పిల్లోడు ఏమైనా తిన్నాడో లేదో, పొద్దస్తమానం పరిగెత్తిస్తా ఉండాము" అంటూనే నొక్కుతారు.

నీ వంటింటి లెక్క బాగుంది గానీ, నాకు మా పాత్రల కొట్టే బాగా కుదిరింది. గద్దె మీద కూర్చుని నోటిలెక్క వేసే మీ బావ మెదడు. బేరానికి తీసి పరిచిన బిందెలున్న బల్ల మెమరీ, కొట్టు కట్టేస్తే బల్ల ఖాళీ. వెనక గోడౌన్ క్యాసెట్. గోడౌన్ తాళంచెవి పోయినా గద్దె మీద మనిషీ, ముందు బల్లా ఉంటే ఎంతో కొంత వ్యాపారం నడుస్తుంది కదా? ఇదే ఆలోచిస్తూ ఆ బొట్టు పుస్తకం చదవడం మొదలుపెట్టాను. మన సొంతంగా కూడా దానికి ఆజ్ఞలు రాసి ఇవ్వొచ్చట!

పన్నెండు వరసల చిన్న ఆట ఒకటి రాశాను. అది నూరులోపు ఒక అంకె తలుచుకుంటుంది, మనం కనుక్కోవాలి. పదో వరస కొడుతుంటే కరెంటు పోయింది. బల్ల ఖాళీ. మళ్ళీ కొట్టాను, మళ్ళీ పోయింది. మా వీధి కరెంటు సంగతి నీకు తెలుసు కదా. ఈ వారంలో ఆ పన్నెండు వరసలూ తొమ్మిదిసార్లు కొట్టి ఉంటాను. ఇప్పుడు పప్పు రుబ్బుతున్నా వేళ్ళు అవే మీటలు వెతుకుతున్నాయి.

క్యాసెట్‌ను బజారులో నటరాజ్ రికార్డింగు షాపులో కాపీకి ఇచ్చాను. చాలా మర్యాదస్తుడు. "టీచరమ్మ క్యాసెట్ కదా, స్పెషల్‌గా చేసి ఇస్తాను" అన్నాడు. పన్నెండున ఇస్తాడట.

నీ అక్క


తిరువళ్ళూరు,
6-6-1986

టీచరమ్మగారికి,

కార్డు కనుక క్లుప్తంగా. అత్తగారి పదకొండు గుంటలకు అమ్మ దిష్టి తీసింది, ఇక్కణ్ణుంచే. నటరాజ్‌గారి మర్యాదకు నా వందనం చెప్పు. ఇంటర్వ్యూలో ఎవరైనా కన్నం గురించి అడిగితే నా పేరు బయటికి రానివ్వకు.

ఆది


తిరుత్తణి,
15-6-1986

ఆదీ,

కూర్చున్నావా? ఇది పొడుగు ఉత్తరం.

కాపీ చెప్పినట్టే పన్నెండున ఇచ్చాడు. ఆ సాయంత్రమూ, మర్నాడంతా కరెంటు లేదు, నడిపి చూడలేకపోయాను. నీ ఆజ్ఞ ప్రకారం అసలుది బీరువాలో పెట్టి తాళం వేశాను.

నిన్న పొద్దున రిక్షాలో టీవీ పట్టుకుని నేను, ఒళ్ళో టేప్ రికార్డర్‌తో అత్తగారు. రానక్కర్లేదన్నాను. "ఆ పిల్లోడు కొత్త జాగాలో బెదురుకుంటాడు, నేనుంటే మేలు" అన్నారు. వెనక సైకిల్ మీద మీ బావ, ఆయన సంచిలో కంప్యూటర్.

హెడ్‌మిస్ట్రెస్ పొన్నమ్మగారు. తెల్ల చీర, వెండి ఫ్రేము కళ్ళజోడు, లెక్కల టీచరుగా ముప్ఫై ఏళ్ళు. ఇంకో ఇద్దరు టీచర్లు. భాగాలన్నీ వివరించాను. మన పాత్రల కొట్టు చెప్పగానే టీచర్లిద్దరూ తలలూపారు. పొన్నమ్మగారు "సరి, నడిపించండి" అన్నారు.

లోడ్ కొట్టాను. టేపు నడిపాను. కీచు శబ్దం రావాలి కదా? వచ్చింది గానీ, బావిలో ఎవరో మూలుగుతున్నట్టు, గుహలో మారుమోగుతున్నట్టు వచ్చింది. టీవీ అంచుల్లో ఒక్క చార లేదు. ఐదు నిమిషాలు అందరం ఆ మూలుగు విన్నాం. అది ఆగింది. ఆగి, నాదస్వరం మొదలైంది! డోలుతో సహా! వెనకే మురుగన్ పాట!

అత్తగారు లేచి చేతులు జోడించారు. ఆమెను చూసి టీచర్లు లేచారు. పొన్నమ్మగారు కళ్ళజోడు తీసి కళ్ళు మూసుకున్నారు. తిరుత్తణిలో మురుగన్ పాటను మధ్యలో ఆపే ధైర్యం ఎవరికుంది? పాట అయ్యేదాకా నిలబడ్డాను. ఆ కాసేపట్లో నా మూడేళ్ళూ కళ్ళముందు తిరిగాయి, అప్పడాలతో సహా.

నటరాజ్ ఏం చేశాడో సాయంత్రం తెలిసింది. అడిగితే ఎంత గర్వంగా చెప్పాడనుకున్నావు! "మీ టేపు చెడిపోయిండాదమ్మా. ఒట్టి కీచుమని అరస్తా ఉండింది. నేనే ట్రెబుల్ తగ్గించి, కొంచెం ఎకో పోసినాను. వెనకాల జాగా మిగిలింది, ఉత్తగా ఎందుకు ఇచ్చేదని సామి పాట ఎక్కించినాను. మా షాపులో ఖాళీ టేపు ఇచ్చే వాడుక లేదమ్మా." తిట్టడానికి వెళ్ళినదాన్ని థాంక్స్ చెప్పి వచ్చాను. వాళ్ళ షాపులో టేపులూ అంతే, నీ దరఖాస్తులూ అంతే. ఖాళీ కనిపిస్తే ఓర్వలేరు మీరిద్దరూ.

సరే, పాట అయింది. పొన్నమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, "పాట బాగుంది. ఆట యాడ?" అన్నారు.

అప్పుడు నాకేమైందో తెలియదు, నిజం చెప్పేశాను. "అమ్మా, కంప్యూటర్ అనుభవమని రాసింది నేను కాదు, మా తమ్ముడు. అది రాసిన రోజున అబద్ధం. నలభై రోజులుగా దాన్ని నిజం చేసే పనిలో ఉన్నాను. ఈ క్యాసెట్ గోడౌన్ మాత్రమే. గోడౌన్ తెరుచుకోలేదు. గద్దె మీద మనిషి ఉన్నాడు, బల్ల ఉంది. పది నిమిషాలు ఇవ్వండి."

ఆమె గడియారం చూశారు.

పన్నెండు వరసలు, ఆదీ. పుస్తకం లేదు, కాగితం లేదు. మా వీధి కరెంటు నాకు నేర్పిన పాఠం. ఆరు నిమిషాల్లో అయింది. తెర మీద ప్రశ్న నిలబడింది. అంకె ఎంత?

పొన్నమ్మగారు యాభై కొట్టారు. "పెరిసు" అంది, పెద్దదని. అరవమే పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో. ఇరవైఐదు కొట్టారు. "సిరిసు", చిన్నదట. కుర్చీ ముందుకు లాక్కున్నారు. సగం సగం చేసుకుంటూ వెళ్ళి ఏడో తూరికి పట్టేశారు, లెక్కల మనిషి కదా! "ఏడుకు మించి పట్టకూడదు" అని తనలో తాను అనుకుని, "ఇంకొక తూరి" అన్నారు. అలా నాలుగు ఆటలు. బయట ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు ముగ్గురు కాచుకుని ఉన్నారు.

ఐదో ఆటకు అత్తగారు, "నాకొక తూరి ఇస్తారా అమ్మా? నాకు పెద్ద లెక్కలు రావు, నా వయసు కొడతాను" అని యాభైఎనిమిది కొట్టారు. సరిగ్గా అదే! ఒక్క దెబ్బకే! టీచర్లు చప్పట్లు కొట్టారు. తొమ్మిదేళ్ళుగా నలభైతొమ్మిది దగ్గరే ఆగిన అత్తగారి వయసు ఊరందరికీ తెలిసిపోయింది, ఆమె మాత్రం గెలిచిన సంతోషంలో ఇంకా గమనించలేదు.

పది రోజుల్లో ఉత్తరం వేస్తామన్నారు. వస్తే వచ్చినట్టు. రిక్షాలో అత్తగారు ఒక మాటన్నారు. "రాకపోయినా ఇంకో స్కూలుకు రాయి. ఒక్క తూరి అన్నది పాట రాకముందు."

కాంచన


తిరువళ్ళూరు,
19-6-1986

అక్కా,

నీ ఉత్తరం అమ్మ నాచేత మూడుసార్లు చదివించింది. "నిజం చెప్పేశాను" అన్నచోట మూడుసార్లూ నన్నే చూసింది.

అబద్ధం నేను ఒక్క గడిలో రాశాను. దాన్ని నిజం చేయడానికి నీకు నలభై రోజులూ, పన్నెండు వరసలూ పట్టాయి. ఈ ఒక్క వాక్యం నవ్వకుండా రాశాను, దాచుకో. మళ్ళీ దొరకదు.

ఇక నా సంగతి. ఫలితాలు వచ్చేలోగా ఏదో ఒక ఉద్యోగంలో చేరమని నాన్న. మీ ఊళ్ళో కొత్తగా కట్టిన కల్యాణ మండపానికి మేనేజరు కావాలట. ఫారం దీనితో పంపుతున్నాను. సంతకం చేశాను. మిగతాది నువ్వే నింపి వాళ్ళ ఆఫీసులో ఇచ్చేయి. నాకు అరవం దస్తూరీ కుదరదని తెలుసు కదా.

ఆది


తిరుత్తణి,
10-7-1986

చిరంజీవి ఆదికి అక్క ఆశీస్సులు.

ఒకటో తేదీన చేరాను. లెక్కలు రోజూ, కంప్యూటర్ బుధవారం, శనివారం మధ్యాహ్నాలు. లోకనాథం యంత్రాన్ని స్కూలుకు వాడుకోమన్నాడు. అత్తగారు మాత్రం ఆదివారాలు అది ఇంటికి రావాలని షరతు పెట్టారు, పిల్లోణ్ణి చూడకుండా ఉండలేరట. ఇరవైరెండు గుంటలయ్యాయి.

పొన్నమ్మగారు నిన్ను చూడాలంటున్నారు. దేనికని అడిగితే నవ్వుతున్నారు.

నీ ఫారం శ్రద్ధగా నింపాను. అన్నీ నిజాలే. చివర "ఇతర అర్హతలు" అన్న గడి ఒకటి ఖాళీగా, పెళ్ళిలో ఎవరూ పలకరించని చుట్టంలా కూర్చుంది. జాలి వేసింది. "నాదస్వర విద్వాంసుడు" అని రాశాను.

మండపం యజమాని మీ బావను బజారులో ఆపి మరీ చెప్పాడట. "మీ బావమరిది ఫారం చూసి కడుపు నిండినట్టయిందప్పా. ముహూర్తానికి మేళగాళ్ళు రాకపోతే మేనేజరే వాయించేస్తాడు. ఇట్లాంటోడు యాడ దొరుకుతాడు?" ఆగస్టు పంతొమ్మిదిన ఇంటర్వ్యూ. వాయిద్యం తెచ్చుకొమ్మన్నారు.

నలభై రోజులున్నాయి, భయమెందుకు? ఇదిగో ప్రథమ పాఠం. నాదస్వరానికి ముఖ్యమైన భాగాలు మూడు. నోట్లో పెట్టుకునే శీవాళి, వేళ్ళు నడిచే గొట్టం, కింద గంటలా విచ్చుకున్న అణసు. గొట్టానికి వరసగా బెజ్జాలుంటాయి. క్యాసెట్ పెట్టే కన్నం మాత్రం లేదు. వెతకొద్దు.

కాంచన టీచర్